పొట్టగోడకు వేసిన కుట్టు నిలిచిందా?

టమ్మీ టక్ అనగానే ఎవరికైనా ముందు తోచేది తగ్గిన పొట్ట, కోసి తీసేసిన చర్మం, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా పొత్తికడుపు మీద సాగే మచ్చ. ఆ ఆపరేషన్‌లో అసలు పనితనం వీటిల్లో ఏదీ కాదని నా గట్టి నమ్మకం. చర్మానికీ, కొవ్వుకీ అడుగున, రొమ్ము ఎముక కొస నుంచి పొత్తికడుపు అడుగునున్న ఎముక దాకా నిలువునా పడే ఒక కుట్టు ఉంటుంది. బిడ్డల్ని మోసి మోసి పక్కలకు జరిగిపోయిన రెండు కండరాలను మళ్లీ ఒకదాని పక్కకు ఒకటి చేర్చే కుట్టు అది. పైన చర్మం మూసేశాక దాన్ని వేయించుకున్న మనిషి చూడలేదు, వేసిన సర్జన్ కూడా చూడలేడు. ఆరు నెలలకో ఆరేళ్లకో అది పట్టు నిలిచిందా లేదా అని తెలుసుకోవాలంటే వేళ్లతో తడిమి చూడాలి, లేదా అల్ట్రాసౌండ్ పెట్టి చూడాలి. ఆ కుట్టు వేసే చేతికి ఎంత ఓర్పు కావాలో, నిలిచిందో లేదో చెప్పే చేతికీ అంతే కావాలి.

మా కడప జిల్లా కొండాపురం వైపు ఈ సంగతి తెలియాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు. నల్లరేగడి నేల. పప్పుశెనగ, పత్తి పంటలు. కలుపు తీయడం, మూటలెత్తడం, నీళ్లు మోయడం ఆడవాళ్లకు ఉండేవే. ఇద్దరు పిల్లలు పుట్టాక, అందులోనూ సిజేరియన్‌తో పుట్టాక, బొడ్డు పైన పొట్ట ఉబ్బెత్తుగా ఉండిపోతే 'పొట్ట జారింది' అంటారు. పిల్లలు పుట్టకుండా చేయించుకున్న ఆపరేషన్ మీద తప్పు వేస్తారు. ఆ ఆపరేషన్‌కు పెట్టే చిన్న కోతకూ దీనికీ సంబంధం లేదు. గ్యాస్ అనుకుని మాత్రలు మింగేవాళ్లు కొందరు. ప్రొద్దుటూరుకు బస్సెక్కి, తాడిపత్రికి రైలెక్కి, జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల కాలం నుంచీ ఉన్న క్యాంప్‌బెల్ ఆస్పత్రికి వెళ్లి, నడుంనొప్పికో మలబద్ధకానికో మందు తెచ్చుకునేవాళ్లు మరికొందరు. పొట్ట మధ్యలో కండరాలు విడిపోయిన సంగతి ఎవరూ వేలు పెట్టి చూడరు, ఎవరూ చెప్పరు. ఈ మధ్య పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తున్న ఇళ్లల్లో కొందరు ఆపరేషన్ చేయించుకుని వస్తున్నారు. వాళ్లకు అసలు ప్రశ్న ఆస్పత్రిలో పుట్టదు. ఇంటికొచ్చి, వాపు తగ్గి, మళ్లీ బిందె ఎత్తాలా వద్దా అనే రోజున పుడుతుంది.

పొట్ట ముందుభాగంలో రెండు నిలువు కండరాలు పక్కపక్కన ఉంటాయి. వాటిని కలిపేది ఒక తెల్లటి, గట్టి నార పట్టీ. అది ఎవరికైనా కొంత వెడల్పు ఉండేదే. 2009లో స్విట్జర్లాండ్ పరిశోధకులు, బిడ్డల్ని కనని 150 మంది స్త్రీలను అల్ట్రాసౌండ్‌తో కొలిచి, మామూలు వెడల్పుకు హద్దులు ప్రతిపాదించారు: రొమ్ము ఎముక కొస దగ్గర 15 మిల్లీమీటర్లు, బొడ్డుకు 3 సెంటీమీటర్ల పైన 22, బొడ్డుకు 2 సెంటీమీటర్ల కింద 16. గర్భంలో బిడ్డ పెరిగేకొద్దీ ఈ పట్టీ సాగుతుంది, సాగాలి కూడా. కాన్పు తర్వాత చాలామందికి దానంతటదే కొంత దగ్గరవుతుంది. తొలి కాన్పు స్త్రీలు 300 మందిని చూసిన 2016 నాటి నార్వే అధ్యయనంలో, ఆరు వారాలకు 60 శాతం మందిలో ఎడం ఉంది, ఏడాదికి అది సుమారు 33 శాతానికి తగ్గింది. అంటే ముగ్గురిలో ఒకరికి ఏడాదైనా పోలేదన్నమాట. అందులోనూ ఎక్కువమందికి వ్యాయామం చాలు. ఆపరేషన్ దాకా పోవాల్సినవాళ్లు కొద్దిమంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లను ఆగమనే సర్జన్లు చెబుతారు, ఎందుకంటే మరో గర్భం ఆ కుట్టునే సాగదీస్తుంది.

ఇక ఆ కొద్దిమంది విషయంలో సర్జన్ చేసే పనిని దగ్గరగా చూద్దాం. పొత్తికడుపు దిగువన అడ్డంగా కోసి, చర్మాన్నీ కొవ్వునూ కలిపి ఒకే పొరగా పైకి, పక్కటెముకల దాకా లేపుతాడు. బొడ్డును దాని కాడతో సహా కిందే వదిలేస్తాడు. అప్పుడు కనబడుతుంది తెల్లగా మెరిసే కండరాల తొడుగు. మధ్యలో ఎడం ఎంతుందో దాని మీద ఇంకుతో గీస్తాడు: పైన కొస, నడుమ వెడల్పు, కింద మళ్లీ కొస. ఆ గీతే ఆ పూట పనికి ఆధారం. గీతకు ఈ వైపు అంచూ ఆ వైపు అంచూ కలిపి కుట్టేస్తే నడుమ సాగిన పట్టీ లోపలికి మడతపడుతుంది. ఆ పట్టీలో ఏదీ కోయరు, ఏదీ తీసేయరు. ఉన్నదాన్నే మడిచి కుడతారు.

చెప్పడానికి ఇంతే. కానీ సూది ఎంత లోతుకు పోవాలన్న దగ్గరే చేయి తెలుస్తుంది. కండరం మీది తొడుగులోనే సూది నడవాలి. కండరంలోకి దిగితే దారం దాన్ని నొక్కి చంపుతుంది, తెగుతుంది, నొప్పి పెడుతుంది. అసలు పట్టు తొడుగుదే, మాంసానిది కాదు. అంచుకు ఎంత దూరంలో పొడవాలనేది ఇంకో లెక్క. పప్పుశెనగ మూట మూతిని దబ్బనంతో కుట్టేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు: అంచుకు మరీ దగ్గరగా పొడిస్తే మూట ఎత్తగానే గోనె పోగులు విడిపోయి దారం జారిపోతుంది, దూరందూరంగా పొడిస్తే సందుల్లోంచి గింజ రాలుతుంది. నెదర్లాండ్స్‌లో 560 మంది మీద చేసి 2015లో ప్రచురించిన ఒక పరీక్షలో, పొట్ట మధ్యలో కోసిన గాయాన్ని సెంటీమీటరు ఎడంతో పెద్ద కుట్లు వేసి మూస్తే ఏడాదికి 21 శాతం మందికి హెర్నియా వచ్చింది. అంచుకు అర సెంటీమీటరు దూరంలో, అర సెంటీమీటరు ఎడంతో చిన్న కుట్లు వేస్తే 13 శాతానికి తగ్గింది. అది కోసి మూసే కుట్టు, ఇది మడిచి కుట్టేది, రెండూ ఒకటి కావు. అయినా ఓర్పుగా దగ్గరదగ్గరగా వేసే కుట్టుకు ఉన్న విలువ ఆ అంకెల్లో కనబడుతుంది.

ఇంకా కొన్ని సూక్ష్మాలున్నాయి. బొడ్డు పైనా కిందా కుట్టును వేర్వేరుగా నడుపుతారు, కాడ నలిగిపోకుండా. ముడిని లోపలికి దాచేస్తారు. సన్నటి మనిషిలో చర్మం కింద ముడి వేలికి తగిలితే అది ఏళ్ల తరబడి గుచ్చుకుంటూనే ఉంటుంది. మంచి చేతులు చాలావరకు ఒక వరసతో ఆగవు, మొదటి వరస మీద రెండో వరస వేస్తాయి. బిగింపులో కూడా మితం ఉంది. అతిగా లాగి బిగిస్తే పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లోకి గాలి పోవడానికి మరింత ఒత్తిడి కావాల్సి వస్తుంది. మత్తు ఇచ్చే డాక్టరు తన మిషన్ మీది అంకె చూసి 'కాస్త వదలండి' అని చెప్పగలగాలి. సర్జన్ వినాలి. అన్నిటికన్నా కష్టం పై కొస. అక్కడ పక్కటెముకలు రెండు వైపులకూ విచ్చుకుని ఉంటాయి, చర్మపు పొర కింద చేయి దూరే చోటు తక్కువ, వెలుతురు తక్కువ. అలసిపోయిన చేయి అక్కడే రెండు కుట్లు తక్కువ వేస్తుంది. ఏళ్ల తర్వాత పొట్ట పై భాగంలో ఉబ్బెత్తుగా కనిపించేది చాలాసార్లు అక్కడే.

దారం సంగతి విడిగా చెప్పుకోవాలి. 1967లో బ్రెజిల్ సర్జన్ ఇవో పిటాంగీ ఈ మడిచి కుట్టే పద్ధతికి బాగా ప్రచారం తెచ్చాడు. కానీ 'ఎన్నేళ్లు నిలుస్తుంది?' అని కూర్చుని కొలిచినవాళ్లు చాలాకాలం వరకు దాదాపు లేరు. 2001లో నెదర్లాండ్స్ సర్జన్లు తమ దగ్గర ఈ ఆపరేషన్ చేయించుకున్న 40 మందిని అయిదేళ్ల తర్వాత పిలిపించి అల్ట్రాసౌండ్ చేశారు. 40 శాతం మందిలో ఎడం మిగిలి ఉంది, లేదా తిరిగి వచ్చింది. వాళ్లు వాడింది విక్రిల్, శరీరంలో త్వరగా కరిగిపోయే దారం. మూడు వారాలకే దాని బలం సగానికి పడిపోతుంది, రెండు మూడు నెలల్లో పూర్తిగా కరిగిపోతుంది. మరోవైపు బ్రెజిల్‌లోనే, సావో పాలోలో ఫాబియో నాహాస్ కరగని నైలాన్ దారంతో రెండు వరసలు వేసి, సీటీ స్కాన్లతో వెంబడించాడు. 2005లో వెలువరించిన వ్యాసంలో 12 మందిని ఆరేడేళ్ల తర్వాత చూస్తే ఒక్కరికీ కండరాలు తిరిగి విడిపోలేదు. 12 మంది పెద్ద సంఖ్య కాదు. అయినా తను వేసిన కుట్టును అన్నేళ్ల తర్వాత తనే పిలిచి పరీక్షించుకున్న ఆ పనివాడి పట్ల నాకు గొప్ప గౌరవం. నెమ్మదిగా, ఆరేడు నెలల్లో కరిగే పీడీఎస్ దారంతో కూడా ఆయన ముందే పోల్చి చూశాడు. ఆరు నెలలకు అది కూడా నైలాన్‌తో సమంగానే నిలిచింది.

ఎందుకు ఇంత తేడా? పొట్టగోడ పొర మానడం చర్మం మానినట్టు పదిరోజుల్లో అయ్యే పని కాదు. రెండు నెలలకు సుమారు సగం బలం వస్తుంది, ఏడాదికి కూడా పాత బలం పూర్తిగా రాదు. పైగా ఇక్కడ కోసిన అంచులు లేవు. కోయని రెండు ఉపరితలాలు ఒకదానికొకటి ఎదురుగా మడతపడి ఉంటాయి. వాటి మధ్య మచ్చ కణజాలం పెరిగి అతుక్కునేదాకా బరువంతా దారం మీదే. ఆ గడువుకు ముందే దారం బలం పోతే మడత విప్పుకోక ఏం చేస్తుంది?

మా బంధువుల్లో ఒక వదినకు ఈ ఆపరేషన్ పెద్ద ఊళ్లో అయింది. మూడు నెలల పరీక్షకు నేనూ తోడు వెళ్లినాను. ఫిజియోథెరపీ మేడమ్ చేతులు కడుక్కుని, వేళ్లు చల్లగా లేకుండా రుద్దుకుని వచ్చింది.

"మోకాళ్లు మడుచుకోమ్మా. పాదాలు మంచానికి ఆనించు. నడుం వదిలేయ్."

ముందు ఏమీ ఎత్తమనకుండానే, వేలి కొసలు పాదాల వైపు తిరిగేట్టు పెట్టి, బొడ్డు పైన మెత్తగా నొక్కి చూసింది. ఆ తర్వాత, "గాలి వదుల్తా తల ఎత్తు. భుజాలు కొంచెం లేస్తే చాలు. అట్లనే ఉండు" అంది. తల లేవగానే కండరాలు బిగుసుకుంటాయి, వాటి లోపలి అంచులు వేలికి రెండు వైపులా తగులుతాయి. ఆ అంచుల మధ్య ఎన్ని వేళ్లు పడతాయన్నది కొలత. ఒక్క చోట చూసి వదల్లేదు. రొమ్ము ఎముక కొస కింద, బొడ్డుకు మూడు వేళ్ల పైన, సరిగ్గా బొడ్డు దగ్గర, దాని కింద. ప్రతి చోటా తల దించి, మళ్లీ ఎత్తించింది.

"మీ వేలు పెట్టింది నాకు తెలియడం లేదు మేడమ్" అంది వదిన కంగారుగా.

"చర్మం లేపినప్పుడు సన్న నరాలు తెగుతాయమ్మా. స్పర్శ మెల్లగా వస్తుంది, బొడ్డు కింద కొంచెం రాకపోవచ్చు కూడా. నా వేలికి తెలుస్తా ఉంది కదా, అది చాలు."

ఆ వేలికి తెలుస్తున్నదేమిటో తర్వాత నా చేత కూడా పెట్టించి చూపింది. వెడల్పు ఒక్కటే కాదు, లోతు కూడా. కుట్టు నిలిచినచోట రెండు అంచుల మధ్య వేలు దిగదు. మధ్యలో గట్టిగా ఒక వరుస తగులుతుంది, మడతపడి మందమైన ఆ నార పట్టీ అది. కుట్టు వదులైనచోట, తల ఎత్తినా వేలు మెత్తగా కిందికి దిగిపోతుంది, అడుగున ఏ ఆనికా దొరకదు. వెడల్పు రెండు వేళ్లున్నా అడుగు గట్టిగా ఉంటే దిగులు లేదనీ, వేలున్నరే అయినా అడుగు మెత్తగా జారిపోతుంటే చూసుకోవాలనీ ఆమె మాట. ఈ లోతు సంగతి నాకు కొత్త. కొత్త అయినా ఒకసారి వేలు పెట్టి చూశాక మరిచిపోయేది కాదు.

అంతటితో ఆపలేదామె. ఒక్కో కాలు ఎత్తించింది, దగ్గమంది, లేచి పక్కకు తిరిగి నిలబడమంది. తల ఎత్తినప్పుడు గానీ దగ్గినప్పుడు గానీ పొట్ట నడుమ నిలువునా వెన్నులా పొడుచుకొస్తుందేమోనని పక్క నుంచి కళ్లు చికిలించి చూసింది. అలా పొడుచుకు రాకపోతే, కండరాలు బరువును పట్టుకోగలుగుతున్నాయన్నమాట. బొడ్డు దగ్గర ఒకచోటే గుండ్రంగా ఉబ్బి, నొక్కితే లోపలికి పోయేది ఉంటే అది హెర్నియా కావచ్చు, దాన్ని సర్జన్‌కు చూపించాల్సిందే.

ఆకారాన్ని నమ్మొద్దని ఆమె పదే పదే చెప్పింది. ఆ మాటలో చాలా పాఠం ఉంది. పొద్దున చదునుగా ఉన్న పొట్ట సాయంత్రానికి ఉబ్బడం మొదటి నెలల్లో మామూలే. వాపు పోవడానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. చర్మం కింద నీరు చేరితే అది వేరు. పేగుల చుట్టూ ఉండే కొవ్వు మరీ వేరు, దాన్ని ఏ కుట్టూ ముట్టుకోదు. బాగా నిలిచిన కుట్టు మీద కూడా అది పొట్టను ముందుకు తోస్తుంది. దీనికి తలకిందులుగా, చర్మాన్ని గట్టిగా లాగి మూసినచోట లోపలి కుట్టు వదులైనా పైకి చదునుగానే కనిపిస్తుంది. అద్దంలో చూసుకుని సంబరపడినవాళ్లూ, ఏడ్చినవాళ్లూ ఇద్దరూ పొరబడి ఉండొచ్చు. 'టప్'మని ఏదో తెగినట్టయిందని భయపడేవాళ్లుంటారు. మచ్చ కణజాలం సడలినా అట్లా అనిపిస్తుంది. అప్పటిదాకా లేని ఉబ్బు కొత్తగా కనబడితేనో, నొప్పి ఆగకపోతేనో వెంటనే చూపించుకోవాలి.

వేళ్ల లెక్కకు ఒక లోటుంది. నా వేలు లావు, ఆమె వేలు సన్నం. అందుకే ప్రతిసారీ ఒకే మనిషి చూడటం మంచిది, అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్‌కు పోవాలి. ప్రోబ్‌ను బరువు పెట్టకుండా, గాలి వదిలిన క్షణాన, అడ్డంగా పెడతారు. తెర మీద రెండు కండరాలు నల్లగా, వాటి తొడుగులు తెల్లటి గీతల్లా కనిపిస్తాయి. కుట్టు నిలిచిన పొట్టలో ఆ రెండు నల్లటి ఆకారాల మధ్య తెల్లటి పట్టీ కురచగా, మందంగా ఉంటుంది. కరగని దారం అక్కడక్కడ చుక్కల్లా మెరుస్తుంది. వదులైనచోట అదే పట్టీ పలచబడి, పొడుగ్గా సాగి కనిపిస్తుంది. ఒకసారి పడుకున్నట్టు, మరోసారి తల ఎత్తినట్టు కొలిచి మిల్లీమీటర్లలో రాస్తారు. ప్రొద్దుటూరులో, కడపలో రోజూ గర్భిణుల స్కానింగ్ చేసే చోట్ల ఈ కొలత తీయగలిగిన మిషన్లు ఉన్నాయి. కొలవమని రాసిచ్చే డాక్టరే కావాలి.

కుట్టు నిలిస్తే కలిగే మేలు రూపానికే కాదని 2018 నాటి ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి చూపింది. 214 మంది స్త్రీలకు ఈ ఆపరేషన్ తర్వాత ఆరు నెలలకు నడుంనొప్పి, దగ్గితే మూత్రం పడటం బాగా తగ్గాయి. ఆపరేషన్ చేయించుకోనివాళ్లతో పోల్చి చూడలేదు గనక దాన్నొక్కదాన్నే పట్టుకుని అందరికీ చెప్పేయలేం. అయినా వంగి పనిచేసే ఆడవాళ్లకు నడుం సంగతి చిన్నది కాదు.

మనిషి చేసే పని కూడా కుట్టులో ఒక భాగమే. మన ఇళ్లల్లో బాలింతకు నడికట్టు కడతారు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే సాగే బెల్టు అంతకన్నా పక్కాగా పొట్టను పట్టి ఉంచుతుంది. అయితే బెల్టు బిగింపు మీద భరోసా పెట్టుకుని బరువులెత్తితే కుట్టు పని అయిపోయినట్టే. మొదటి రోజుల్లో కొంచెం ముందుకు వంగి నడవాలి, పక్కకు తిరిగి చేయి ఊతంతో లేవాలి. ఆరు వారాల దాకా బరువు ఎత్తకూడదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ అంటే ఇరవై కిలోలు. గండికోట జలాశయం నీళ్లు వచ్చి పాత ఊళ్లు వదిలి కొత్త కాలనీలకు చేరినవాళ్ల ఇళ్లల్లో సామాను సర్దడం, ఇటుకలు అందించడం అయ్యేదాకా ఆడమనిషి కూర్చుని ఉండడం కష్టమే. ఆ ఆరు వారాలు ఇంకెవరైనా ఎత్తి పెట్టే ఏర్పాటు లేకపోతే ఆపరేషన్‌కు అప్పుడే పోవద్దు. మలబద్ధకం, ఆగని దగ్గు కూడా కుట్టుకు శత్రువులే. ఎత్తి చేసే పొట్ట వ్యాయామాలు మూడు నెలలకు ముందు వద్దనే చాలామంది చెబుతారు. నెమ్మదిగా ఊపిరితో పొట్టను లోపలికి లాక్కునే వ్యాయామంతో మొదలుపెట్టిస్తారు.

కుట్టు నిలవలేదని తేలినా దారులున్నాయి. ఎడం కొద్దిగా ఉంటే వ్యాయామం, గమనింపు. పై కొస మాత్రం వదులైతే అక్కడికే మళ్లీ కుట్టు. పట్టీ బాగా పలచబడిపోయినా, హెర్నియా తోడైనా కండరం వెనుక మెష్ అనే వల పరిచి బలం ఇస్తారు. పుట్టుకతోనే కండరాలు పక్కటెముకల మీద దూరదూరంగా అతుక్కుని ఉన్నవాళ్లకు మడత కుట్టు ఒక్కటే చాలదని నాహాస్ వేరు చేసి చెప్పాడు. ఆ తేడా ముందే గుర్తుపట్టేది కూడా తల ఎత్తించి చూసే ఆ వేళ్లే.

వదిన పరీక్ష ముగిశాక మేడమ్ నాలుగు చోట్ల కొలతలూ, ప్రతి చోటా లోతు గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదీ ఫైల్లో రాసింది. సర్జన్‌కు ఒక కాపీ, వదినకు ఒక కాపీ. ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ అదే చోట్ల, అదే పద్ధతిలో కొలవాలని తేదీలు కూడా వేసింది. ఆపరేషన్ చేసిన ప్రతి ఆస్పత్రీ డిశ్చార్జి కాగితంలోనే ఈ నాలుగు కొలతలకూ గడులు వేసి ఇవ్వాలి, ఏ దారం వాడారో, ఎన్ని వరసలు వేశారో పక్కనే రాయాలి. అప్పుడు కొండాపురంలో ఉన్న మనిషి ప్రొద్దుటూరులో ఏ డాక్టరు ముందు కూర్చున్నా, ఆ డాక్టరు వేలు ఎక్కడ పెట్టాలో కాగితమే చెబుతుంది.